మొలలకు ఆపరేషన్ చెప్పే ముందు గ్రేడ్ ఎంతో చెప్పాలి

సంపాదకులకు,

మెట్రో పిల్లర్ల మీద, ఆటోల వెనక, కాలనీ గోడల మీద హైదరాబాద్‌లో ఎక్కడ చూసినా పైల్స్ ప్రకటనలే. కొన్ని లేజర్‌తో అరగంటలో అయిపోతుందంటాయి, కొన్ని కోత లేకుండా ఒక్క ఇంజెక్షన్‌తో మాయమంటాయి. మొలలు ఏ గ్రేడులో ఉంటే ఆ వైద్యం పనికొస్తుందో మాత్రం చెప్పవు. అసలు నిర్ణయమంతా దాని మీదే ఉంది కాబట్టి ఈ ఉత్తరం.

మలద్వారం లోపల మనందరికీ రక్తనాళాలతో నిండిన మెత్తటి దిండ్లలాంటివి సాధారణంగా మూడు ఉంటాయి. గ్యాస్, నీళ్ల విరేచనం తెలియకుండా జారిపోకుండా ఆపడంలో వాటికీ పాత్ర ఉంది. ఏళ్ల తరబడి ముక్కడం వల్ల వాటిని గోడకు పట్టి ఉంచే కణజాలం సాగిపోతుంది. దిండ్లు ఉబ్బి కిందికి జారతాయి. వాటినే లోపలి మొలలంటాం. ఇవి పుట్టే చోటు డెంటేట్ లైన్ అనే గీతకు పైన ఉంటుంది. అక్కడ చర్మంలో ఉన్నట్టు నొప్పి తెలిపే నరాలు లేవు. అందుకే తొలిదశలో రక్తం టపటపా కారుతుంది తప్ప నొప్పి ఉండదు. విరేచనానికి వెళ్లినప్పుడల్లా గాజుముక్కతో కోసినట్టు ఉంటే అది చాలామట్టుకు ఫిషర్, అంటే చీలిక. ద్వారం అంచున ఉన్నట్టుండి నీలంగా, గట్టిగా గడ్డలాంటిది లేచి సలుపుతుంటే అది బయటి మొలలో రక్తం గడ్డకట్టడం. ఈ రెండింటి వైద్యం వేరు.

ఇక గ్రేడులు. మొదటిదానిలో మొల లోపలే ఉంటుంది, రక్తం మాత్రం పడవచ్చు. రెండోదానిలో ముక్కినప్పుడు బయటికొచ్చి లేవగానే దానంతటదే లోపలికి పోతుంది. మూడోదానిలో వేలితో నెట్టాలి. నాలుగోదానిలో నెట్టినా పోదు. పొరపాటు ఎక్కువగా జరిగేది రెండుకీ మూడుకీ మధ్య. పేషెంటు సిగ్గుపడి వేలితో నెట్టుకుంటున్న సంగతి చెప్పడు. టేబుల్ మీద పక్కకు తిరిగి పడుకుంటే మొల కిందికి జారదు, మలద్వారంలో పెట్టి లోపల చూసే చిన్న గొట్టం, అంటే ప్రాక్టోస్కోప్‌లో చిన్నదిగానే కనిపిస్తుంది. డాక్టరు ముక్కమన్నప్పుడు నిజంగా ముక్కాలి. బయటికొచ్చినప్పుడు ఇంట్లో ఫోన్‌తో ఒక ఫోటో తీసుకెళ్లి చూపిస్తే ఇంకా మంచిది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఒక్కటి గట్టిగా చెప్పాలి. ఈ గ్రేడ్ మొల ఎంత జారిందో చెబుతుంది, ఎంత రక్తం పోయిందో చెప్పదు. మొదటి గ్రేడులోనే నెలల తరబడి రక్తం పోయి మనిషి పాలిపోవచ్చు. మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే ఏ గ్రేడైనా సరే, హిమోగ్లోబిన్ చూపించుకోవాలి.

మొదటి, రెండో గ్రేడుల్లో మొదట మారాల్సింది పళ్లెం. రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి. 100 గ్రాముల జొన్నల్లో దాదాపు 10 గ్రాములుంటే అంతే పాలిష్ బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. మూడు పూటలా తెల్లన్నం తిని బిర్యానీలో కారాన్ని తిట్టుకుంటే లాభం లేదు. రాత్రికి జొన్నరొట్టె, తోటకూర పప్పు, మధ్యలో ఒక జామకాయ ఉండేలా చూసుకోవాలి. చాలకపోతే ఇసబ్‌గోల్ రెండు చెంచాలు ఒక పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగాలి. నీళ్లు తక్కువైతే అదే గట్టిపడి అడ్డం పడుతుంది. కమోడ్ మీద ఐదు నిమిషాలకు మించి కూర్చోకూడదు, ఫోన్ బయటే పెట్టాలి. స్టెరాయిడ్ ఉన్న ఆయింట్‌మెంట్‌ను డాక్టరు చెప్పకుండా వారం దాటి రాస్తే అక్కడి చర్మం పలచబడుతుంది.

కొన్ని వారాలు ఇలా చేసినా రక్తం ఆగకపోతే రెండో గ్రేడుకు, మూడో గ్రేడులో చాలామందికి మొల మొదలుకు చిన్న రబ్బర్ బ్యాండ్ బిగిస్తే సరిపోతుంది. మత్తు అక్కర్లేదు, ఓపీలోనే వేస్తారు. బ్యాండ్‌ను డెంటేట్ లైన్‌కు పైనే వేయాలి. కిందికి పడితే ప్రాణం పోయినంత నొప్పి పుడుతుంది, వెంటనే తీయించుకోవాలి. సరిగ్గా పడితే మొల ఎండి 5 నుంచి 10 రోజుల్లో రాలిపోతుంది, ఆ రోజుల్లో కాస్త రక్తం కనిపించడం మామూలే. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. జ్వరం, పెరుగుతున్న నొప్పి, మూత్రం బిగుసుకుపోవడం, ఈ మూడింటిలో ఏదొచ్చినా రాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. బ్యాండ్‌కు లొంగని మూడో గ్రేడుకు, నాలుగో గ్రేడుకు ఆపరేషన్ తప్పదు. మొదటి గ్రేడు మనిషికి నేరుగా లేజర్ రాస్తే మాత్రం, ఎందుకని అడిగే హక్కు పేషెంటుకు ఉంది.

గోడల మీది ఇంజెక్షన్ వైద్యం వేరే కథ. ఫినాల్ అనే రసాయనాన్ని నూనెలో కలిపి చిన్న మొలలకు సర్జన్లు వాడే ఇంజెక్షన్ ఒకటుంది, మోతాదూ చోటూ లెక్క ప్రకారం ఉంటాయి. ఏమిటో తెలియని ఘాటు మందును చదువు లేని చెయ్యి గుచ్చితే కండ కుళ్లి, మానేటప్పుడు ద్వారం ముడుచుకుపోతుంది. బిగింపు కండరం దెబ్బతింటే విరేచనం ఆగదు. దాన్ని మళ్లీ మామూలు చేయడం చాలా కష్టం.

రక్తం పడిన ప్రతిసారీ మొలలే అనుకోవడం అన్నిటికంటే ప్రమాదం. వయసు 45 దాటినవారు, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవారు, బరువు తగ్గుతున్నవారు, విరేచనం అలవాటు మారినవారు, నల్లగా లేదా మలంలో కలిసిపోయి రక్తం పడేవారు మొలలు కనిపించినా సరే, పేగుల పరీక్ష ఎప్పుడు, ఏది చేయించుకోవాలో డాక్టరును అడగాలి.

ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో జనరల్ సర్జరీ ఓపీ ఉంది, ప్రాక్టోస్కోపీ కొద్ది నిమిషాల పని. ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ప్రతి ఓపీ చీటీ మీద మొల ఏ వైపు ఉందో, గ్రేడ్ ఎంతో, హిమోగ్లోబిన్ ఎంతో రాయడం తప్పనిసరి చేయాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాం. రెండో అభిప్రాయానికి వెళ్లే పేషెంటు చేతిలో ఆ చీటీ ఉండాలి.

— శస్త్రచికిత్స వైద్యులు, హైదరాబాద్