పిల్లల బ్రెయిన్ ట్యూమర్ లక్షణాలు ఆశాలకు, టీచర్లకు నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

క్యాన్సర్ మీద ప్రభుత్వ ప్రచారం చూస్తుంటే అది పెద్దవాళ్లకే వచ్చే జబ్బు అన్నట్టు ఉంటుంది. సినిమా హాల్లో పొగాకు ప్రకటన, పీహెచ్‌సీ గోడ మీద రొమ్ము క్యాన్సర్ పోస్టర్. 2010లో మొదలైన జాతీయ కార్యక్రమంలోనూ పరీక్షలు 30 ఏళ్లు దాటినవాళ్లకే, అదీ నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే. అవి అవసరమే, కాదనను. కానీ ప్రపంచం మొత్తం మీద పిల్లల్లో రక్త క్యాన్సర్ తర్వాత ఎక్కువగా కనిపించేవి మెదడు గడ్డలేనన్న సంగతి మా ఊళ్లలో ఎంతమందికి తెలుసు? సెప్టెంబర్ పిల్లల క్యాన్సర్ అవగాహన మాసం, జూన్ 8 బ్రెయిన్ ట్యూమర్ డే. ఆ కార్యక్రమాలన్నీ నగరాల్లో, పెద్దాసుపత్రుల చుట్టూనే జరుగుతాయి, మా దాకా రావు.

నేను ప్రాథమిక పాఠశాల టీచర్ని. మా బళ్లో నాలుగో తరగతి పిల్లాడు ఒకడు పొద్దున లేవగానే తలనొప్పి అని ఏడ్చేవాడట, భళ్లున వాంతి చేసుకునేవాడట, తొమ్మిదయ్యేసరికి తేరుకుని బడికి వచ్చేసేవాడు. నాయనమ్మ పైత్యం అంది, ఆర్ఎంపీ వాంతుల మాత్రలిచ్చాడు, ఒక ఆసుపత్రిలో గ్యాస్ అన్నారు, దిష్టి కూడా తీయించారు. తర్వాత తర్వాత వాడి నోట్సులో అక్షరాలు గీత వదిలి కిందికి జారిపోసాగాయి, బోర్డు చూడాలంటే మెడ ఒక పక్కకు వాల్చేవాడు, మంచినీళ్లకు లేస్తే బెంచీ పట్టుకుని నడిచేవాడు. చివరికి విశాఖలో స్కాన్ తీస్తే చిన్నమెదడులో గడ్డ. ఆపరేషన్ అయింది, ప్రాణం దక్కింది, ఒక కంటి చూపు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

రాత్రంతా పడుకుని ఉంటే తల లోపల ఒత్తిడి పెరుగుతుంది, అందుకే ఈ నొప్పి తెల్లవారుజామున ఎక్కువగా ఉండి వాంతి అయ్యాక తగ్గినట్టు అనిపిస్తుంది. కొత్తగా మెల్లకన్ను రావడం, తూలడం, ఒకటి రెండుగా కనిపించడం, ఫిట్స్, పసిపిల్లలకైతే తల మామూలు కంటే త్వరగా పెరగడం కూడా గమనించాల్సినవే. తలనొప్పి వచ్చిన ప్రతి పిల్లకీ గడ్డ ఉండదు, చాలామందికి ఉండదు, తల్లులకు టెన్షన్ పెట్టడం నా ఉద్దేశం కాదు. వారాల తరబడి తగ్గకపోయినా, వీటిలో రెండు మూడు కలిసి వచ్చినా మాత్రం ఆలస్యం చేయకూడదు.

బ్రిటన్‌లో 2011లో డాక్టర్లు, ఒక స్వచ్ఛంద సంస్థ కలిసి హెడ్‌స్మార్ట్ అనే ప్రచారం మొదలుపెట్టారు. జేబులో పట్టే చిన్న కార్డు మీద లక్షణాలు వేసి తల్లిదండ్రులకు, బడులకు, డాక్టర్లకు పంచారు. అంతకు కొన్నేళ్ల ముందు లక్షణాలు మొదలయ్యాక జబ్బేమిటో తేలడానికి 14 వారాలు పైనే పట్టేది, 2013 నాటికి అది 7 వారాల లోపుకు వచ్చింది. ముందుగా తెలిసినంత మాత్రాన అన్నీ నయం కావు, మెదడు కాండంలో వచ్చే డీఐపీజీ లాంటి గడ్డను పూర్తిగా నయం చేసే మందు ఈ రోజుకీ లేదు, ఆ మాట దాచి ప్రచారం చేయడం తప్పు. కానీ చిన్నమెదడులో వచ్చే మెడుల్లోబ్లాస్టోమా అనే గడ్డలోనూ, నెమ్మదిగా పెరిగే గ్లియోమా గడ్డల్లోనూ ఆలస్యం చూపును, నడకను, ఒక్కోసారి ప్రాణాన్నే తీసుకుపోతుంది.

మనకు కొత్త పథకం కూడా అక్కర్లేదు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది, దాని కింద అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు, బడి పిల్లల్ని ఒకసారి పరీక్షించాలి. పళ్లు, చెవులు, చర్మం, రక్తహీనత అన్నీ చూస్తారు కదా, అదే ఫారంలో పొద్దున వాంతులవుతున్నాయా, నడకలో తేడా వచ్చిందా, కన్ను కొత్తగా పక్కకు తిరిగిందా, తల వాలుస్తున్నాడా అని నాలుగు ప్రశ్నలు చేర్చమనండి. ఔనన్న పిల్లల్ని నేరుగా జిల్లా ఆసుపత్రికి పంపి, అవసరమైతే స్కాన్ అక్కడే ఉచితంగా తీయాలి. వైద్యానికి విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి, అక్కడిదాకా పిల్లలు త్వరగా చేరడమే కష్టంగా ఉంది.

ఆశా కార్యకర్తల శిక్షణలో ఈ పాఠం పెట్టండి, ఆర్ఎంపీలకూ చెప్పండి, ఊళ్లో ముందుగా వెళ్లేది వాళ్ల దగ్గరికే. మా స్కూల్ కాంప్లెక్స్ టీచర్ల సమావేశానికి ఒక పిల్లల డాక్టర్ని అరగంట పంపినా చాలు, తరగతిలో ఏం గమనించాలో అడిగి రాసుకుంటాం.

— ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు, శ్రీకాకుళం జిల్లా