క్లోరిన్ ఆపమనొద్దు, పరీక్షల రిపోర్టు చూపించమందాం

సంపాదకులకు నమస్కారం.

ఒంగోలులో ఈమధ్య ఏ వాట్సాప్ గ్రూపు చూసినా ఒకటే మాట, కుళాయి నీళ్లలో క్లోరిన్ కలుపుతున్నారు, దానివల్ల క్యాన్సర్ వస్తుంది, ఆ నీళ్లు ముట్టుకోవద్దు అని. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి మా వీధిలో చాలామంది నన్ను అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే మీ పేపర్లో రాస్తే నలుగురికీ చేరుతుందని ఈ ఉత్తరం.

ఆ మాటలో కొంత నిజం ఉంది, అందుకే దాన్ని కొట్టిపారేయకూడదు. నీళ్లలో కుళ్లిన ఆకులు, నాచు, మట్టిలోంచి వచ్చిన సేంద్రియ పదార్థం ఉన్నప్పుడు క్లోరిన్ వాటితో కలిసి ట్రైహలోమీథేన్లు అనే కొత్త పదార్థాలు తయారవుతాయి, క్లోరోఫామ్ వాటిలో ఒకటి. ఈ సంగతి 1974లోనే నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నీళ్ల మీద పనిచేసిన యోహానెస్ రూక్ బయటపెట్టారు. 1979లో అమెరికా వీటికి పరిమితి పెట్టింది. ఇవి ఎక్కువగా ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లలో మూత్రాశయ క్యాన్సర్ కొంత ఎక్కువగా కనిపించిందని పరిశోధనలు చెబుతున్నాయి. అంటే ఇవాళ ఒక గ్లాసు తాగితే రేపు జబ్బు వస్తుందని కాదు, ఏళ్లకు ఏళ్లు తాగే నీళ్ల గురించిన లెక్క ఇది.

అలాగని క్లోరిన్ మానేయమంటే మాత్రం నేను ఒప్పుకోను. మనకు నీళ్లు ఇరవై నాలుగు గంటలూ రావు. వదలని వేళల్లో పైపు ఖాళీగా ఉండి, ఎక్కడ లీకు ఉంటే అక్కడ పక్క కాలవలోని మురుగును లోపలికి లాక్కుంటుంది, మళ్లీ నీళ్లు వదిలినప్పుడు అదే మన బిందెలోకి వస్తుంది. ఆ నీళ్లలో క్లోరిన్ మిగిలి లేకపోతే కామెర్లు, టైఫాయిడ్, విరేచనాలు రావడానికి ఏళ్లు అక్కర్లేదు, వారం చాలు. క్లోరిన్ వల్ల పుట్టే ట్రైహలోమీథేన్ల లాంటి ఈ ఉప ఉత్పత్తులను తగ్గించాలనే పేరుతో క్రిములను చంపే పని ఎక్కడా తగ్గించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా స్పష్టంగా చెప్పింది.

మరి మన ఊరి సంగతి ప్రత్యేకంగా ఎందుకు పట్టించుకోవాలి? ఒంగోలు తాగేది పారే నది నీళ్లు కాదు. సాగర్ కుడి కాలవ నీళ్లు వచ్చినప్పుడు సమ్మర్ స్టోరేజీ ట్యాంకులు నింపుకుని, కాలవ కట్టేశాక నెలల తరబడి వాటితోనే గడుపుతాం. నిలవ నీళ్లు, పైన ఎండ, దాంతో పెరిగే నాచు. ట్రైహలోమీథేన్లు ఎక్కువ కావడానికి సేంద్రియ పదార్థం, వేడి, క్లోరిన్‌తో కలిసి ఉన్న సమయం, ఈ మూడూ కావాలి, మే నెలలో మన దగ్గర మూడూ ఉంటాయి. దానికితోడు సముద్రం దగ్గర. కొత్తపట్నం వైపు బోర్లలో ఉప్పు తగులుతుంది, అలాంటి ఉప్పు నీళ్లలో బ్రోమైడ్ అనే బ్రోమిన్ లవణం కూడా ఉంటుంది, ఆ నీళ్లకు క్లోరిన్ కలిపితే బ్రోమిన్ ఉన్న ట్రైహలోమీథేన్ రకాలు తయారవుతాయి. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012) లీటరుకు క్లోరోఫామ్ 0.2 మిల్లీగ్రాముల వరకు ఒప్పుకుంటే బ్రోమిన్ రకాల్లో ఒకటైన బ్రోమోడైక్లోరోమీథేన్‌ను 0.06 దగ్గరే ఆపేసింది. వాటి విషయంలో ఎంత జాగ్రత్త కావాలో అక్కడే తెలుస్తోంది.

చేయగలిగింది చాలా ఉంది, అదేమీ కోట్ల ఖర్చు కాదు. ముందు స్టోరేజీ ట్యాంకుల్లో నాచు, గట్ల మీద చెత్త తీయించాలి. శుద్ధి చేయని పచ్చి నీళ్లలోనే క్లోరిన్ గుమ్మరించకుండా, పటిక సరైన మోతాదులో వేసి, మురికి తేరుకున్నాక ఫిల్టర్ బెడ్లు దాటిన నీళ్లకు కలిపితే క్లోరిన్‌తో కలవడానికి సేంద్రియ పదార్థం తక్కువగా మిగులుతుంది, క్లోరిన్ కూడా తక్కువ పడుతుంది. పల్లెల్లో అయితే ఊళ్లో నలుగురికి కామెర్లు వచ్చాయనగానే ఓవర్‌హెడ్ ట్యాంకులోకి బ్లీచింగ్ పౌడర్ అలాగే పోసేసే అలవాటు ఉంది. అది తప్పు. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేట మాత్రం పోయాలి, అరగంట ఆగి నీళ్లు వదలాలి. ఎండలో, తేమలో పడున్న పాత మూటలో పౌడర్‌కు సత్తువ ఉండదు, అది తెలియక ఒకరోజు చాలనంత, మరుసటి రోజు ముక్కు పగిలేంత వేస్తుంటారు.

అసలు నా బాధ పరీక్షల దగ్గర. కుళాయి దగ్గర క్లోరోస్కోప్‌తో, అంటే నీళ్లలో మందు చుక్కలు వేసి రంగు చూసే చిన్న పెట్టెతో చూసేది మిగిలిన క్లోరిన్ మాత్రమే. అది లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి, తప్పక చూడాల్సిందే. కానీ ట్రైహలోమీథేన్లు ఆ రంగు పరీక్షలో తేలవు, నీళ్లలోని ఇలాంటి పదార్థాలను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రం ఉన్న ల్యాబుకు పంపాలి. ట్యాంకు దగ్గర తీసిన సీసా ఒక్కటే సరిపోదు, పైపులో ప్రయాణించే కొద్దీ ఇవి పెరుగుతూనే ఉంటాయి కాబట్టి లైను చివర ఉన్న కాలనీల్లో కూడా శాంపిల్ తీయాలి. అమెరికాలో నీళ్లిచ్చే సంస్థలు ఏటా ఇలాంటి లెక్కలన్నీ జనానికి రిపోర్టుగా ఇవ్వాలని చట్టమే ఉంది. మన దగ్గర అంకెలు కనపడకపోతే జనం వాట్సాప్‌నే నమ్ముతారు, వాళ్లను తప్పుపట్టలేం. భయపడి 20 లీటర్ల క్యాన్ కొనుక్కుంటున్నారు, ఆ క్యాన్ నీళ్లలో క్లోరిన్ మిగలదు, క్యాన్ సరిగా కడక్కపోతే అందులో క్రిములు పెరుగుతాయి. కొనలేని ఇళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఈలోగా ఇంట్లో భయంగా ఉన్నవాళ్లు నీళ్లు మూత తీసి బాగా మరగనిస్తే చాలు, క్లోరోఫామ్ లాంటివి చాలావరకు ఆవిరైపోతాయి. కార్బన్ ఫిల్టర్ ఉంటే అదీ పనిచేస్తుంది, కాకపోతే అందులోని కార్బన్ కార్ట్రిడ్జ్ టైముకు మార్చాలి.

అధికారులను నేను కోరేది ఇదొక్కటే. మూడు నెలలకోసారి, మేలో తప్పకుండా, కాలవ నీళ్లు కొత్తగా వచ్చినప్పుడు ఇంకోసారి ట్రైహలోమీథేన్ పరీక్ష చేయించి, ఆ అంకెలను వార్డు సచివాలయాల నోటీసు బోర్డు మీద, మీలాంటి పత్రికల్లో వేయించండి. ఎక్కువ వస్తే ఎక్కువ వచ్చిందనే వేయండి.

ఇట్లు,
రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్,
ఒంగోలు