మా మూడేళ్ల ప్లాన్‌లో దూరిన నా సొంత అలవాటు

నమస్కారం.

కిందటిసారి రాసినప్పుడు మీకు రెండు మాటలిచ్చాను. ఈ ఏడాది మా నోటుబుక్కులకి పన్నెండు కొత్త అట్ట డిజైన్లు వస్తాయన్నాను. నాలుగు నెలలకో నోటుబుక్ ఇంటికి పంపే చందా మొదలవుతుందన్నాను. రెండూ ఆపేశాం. మా ప్లాన్ అడుగున ఉన్న ఒక లెక్క తప్పని తేలింది. అది వేసింది నేనే.

ఆ ప్లాన్‌ని ఎక్సెల్‌లో ముచ్చటగా తయారుచేసుకున్నాం. ఒక గడి మారిస్తే పాతిక గడులు వాటంతటవే మారిపోతాయి. వాటన్నిటికీ మూలం ఒకే గడి: "కస్టమర్ మళ్లీ కొనే వ్యవధి, 4 నెలలు". మొన్న మా అకౌంట్లు చూసే ఆవిడ "ఈ నాలుగు ఎక్కణ్ణుంచి వచ్చింది సార్?" అని అడిగారు. గుర్తుతెచ్చుకోవడానికి కాసేపు పట్టింది. 192 పేజీల నోటుబుక్ నాకు నాలుగు నెలలొస్తుంది. రోజూ పొద్దున్నే పేజీన్నర రాసే మనిషిని. మీరందరూ నాలాగే రాస్తారని, ఎవరినీ అడక్కుండా గడిలో వేసేశాను. ఊహే అయినా ఎక్సెల్‌లోకి ఎక్కితే ఎక్కడలేని పెద్దరికం వచ్చేస్తుంది!

అదే వారం ఒకావిడ కుట్టు ఊడిందని నోటుబుక్ రిపేరుకి పంపారు. కొని రెండేళ్లు దాటింది. విప్పితే (రాసింది చదవలేదండీ, పేజీలు లెక్కపెట్టామంతే) ముందు నలభై పేజీల్లో ముత్యాల్లాంటి రాత, ఆ తర్వాత అంతా తెలుపే. ఫోన్ చేసి అడిగితే కాస్త మొహమాటపడుతూ, "ఇంత మంచి పుస్తకంలో పిచ్చిరాతలు రాయబుద్ధి కాదండీ, మామూలువి వేరే పుస్తకంలో రాసుకుంటాను" అన్నారు. కాగితం, అట్ట ఇంకా బాగుచేస్తే మీరు ఇంకా త్వరగా మళ్లీ కొంటారని మేం ధీమాగా ఉన్నాం. అక్కడ జరుగుతున్నది దానికి తలకిందులు.

ఒక్కరి మాట పట్టుకుని ప్లాన్ మార్చినా మళ్లీ అదే తప్పు కదా. అందుకే పాత ఆర్డర్లన్నీ తీశాం. రెండోసారి కొన్నవాళ్లలో ఎక్కువమంది ఏడాది దాటాకే కొన్నారు. అందులోనూ చాలా ఆర్డర్ల మీద "గిఫ్ట్ ప్యాకింగ్" అని ఉంది.

పెద్ద కంపెనీలకీ ఇది తప్పలేదు. 1992లో ప్యారిస్ దగ్గర పార్కు తెరిచిన డిస్నీ, వచ్చినవాళ్లు సగటున నాలుగు రోజులు తమ హోటళ్లలో ఉంటారని లెక్కేసుకుంది. ఉన్నది రెండు రోజులే. అమెరికాలోని డిస్నీ వరల్డ్‌లో 45 రైడ్లుంటే ఇక్కడ మొదట్లో 15. ఒక్కరోజులో చుట్టేయొచ్చు. రీటా మెక్‌గ్రాత్, ఇయాన్ మెక్‌మిలన్ అనే ఇద్దరు బిజినెస్ ప్రొఫెసర్లు 1995లో ఈ ఉదాహరణ చూపించే ఒక పద్ధతి చెప్పారు: కొత్త పనిలో తెలిసినదానికన్నా ఊహించుకున్నదే ఎక్కువ ఉంటుంది కాబట్టి, ముందు ఆ ఊహల జాబితా రాసుకోవాలి. అవి ఎంతవరకు నిజమో చూసుకుంటూ ఖర్చు పెంచుకుంటూ పోవాలి.

మేమూ కూర్చుని రాశాం. పందొమ్మిది తేలాయి. "కస్టమర్లకి చేతికుట్టు అంటే ఇష్టం" అన్నది అందులో ఒకటి. దాన్ని ఇంకా పరీక్షించలేదు. నిజం చెప్పాలంటే కాస్త భయంగా ఉంది.

అలాగని ప్లాన్ చించి పారేయలేదు. కాగితం నెలల ముందే ఆర్డర్ పెట్టాలి, గాల్లో పెట్టలేం. ఇప్పుడు ఆ నాలుగు నెలల గడిని ఎర్రరంగుతో నింపి, పక్కన "అడగాలి" అని రాసుకున్నాం.

చందాకి ముందే డబ్బు కట్టినవాళ్లకి ఈ వారంలో పూర్తిగా వెనక్కి వేస్తాం. కొత్త డిజైన్లకి బదులు 64 పేజీల పల్చటి నోటుబుక్ ఒకటి, సాదా అట్టతో, కొద్దిగానే చేస్తున్నాం. పిచ్చిరాతలకే.

ఒక్క సాయం చేయండి. మీ దగ్గరున్న మా నోటుబుక్ తీసి, ఎన్ని పేజీలు ఖాళీగా ఉన్నాయో చూసి మాకు రాయండి. ఇంకా మొదలే పెట్టకపోతే అదీ చెప్పండి, ఏమీ అనుకోం.