శుక్రవారం మధ్యాహ్నం రాజ్యసభలో ఏం మాట్లాడుకుంటున్నారో మాకూ రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ మా నాన్నగారి కాలం నుంచి మా ఇంటికొస్తోంది. పార్లమెంట్ నడుస్తున్న రోజుల్లో ఢిల్లీ పేజీ నేను మొదటే తీస్తాను, కానీ అందులో ఎప్పుడు చూసినా ఎవరు ప్లకార్డు పట్టుకున్నారు, ఎవరు వాకౌట్ చేశారు, సభ ఎన్నిసార్లు వాయిదా పడింది, ఇవే ఉంటాయి. కూర్చుని మాట్లాడినవాళ్ళు ఏం మాట్లాడారో ఉండదు. ఇన్నాళ్ళూ నేనూ అదేం పెద్ద లోటు అనుకోలేదు, మా ఇంట్లోనే దాని అవసరం పడేదాకా.

మా అక్కకి ఇద్దరు పిల్లలు. మగపిల్లాడు అనుకుని పెంచిన చిన్నబిడ్డ ఇప్పుడు ఆడపిల్లగా బతుకుతోంది, నాకు మేనకోడలు. ఈ మాట నా నోట్లోంచి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది, ఆ ఏళ్ళలో ఆ పిల్ల పడినవి నేను ఇక్కడ రాయలేను, వీధిలో ఏమని పిలిచేవాళ్ళో అదీ రాయలేను. కలెక్టర్ ఆఫీసు నుంచి ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్, కార్డు తెచ్చుకుంది, దాంతో బ్యాంకు అకౌంట్లో పేరు మార్పించుకుందామని ఇద్దరం వెళ్తే కౌంటర్లో ఆయన కార్డుని అటూ ఇటూ తిప్పి, ఇది ఎక్కడ ప్రింట్ చేయించావమ్మా అని అడిగాడు, క్యూలో ఉన్నవాళ్ళంతా వినేలాగా. చట్టం ఉంది సార్ అన్నాను. ఏ చట్టం అన్నాడు. నాకూ చెప్పడం రాలేదు. ఆ రాత్రి కూర్చుని వెతకడం మొదలుపెట్టాను, అలా వెతుక్కుంటూ పోతే తిరుచ్చి శివ గారి దగ్గర తేలాను.

ఆయన తమిళనాడు నుంచి రాజ్యసభ సభ్యుడు, డీఎంకే. మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టే బిల్లుని ప్రైవేట్ మెంబర్ బిల్లు అంటారు, వాటికి శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర గంటలు కేటాయిస్తారు, అదీ ఒక వారం బిల్లులకైతే ఇంకో వారం తీర్మానాలకి. ఆ టైముకి చాలామంది సొంతూరికి ఫ్లైట్ ఎక్కేస్తారు. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి ఇలాంటి బిల్లులు చట్టాలైనవి మొత్తం 14, ఆఖరిది 1970లో. మామూలుగా ఏం జరుగుతుందంటే సభ్యుడు బిల్లు మీద మాట్లాడతాడు, ఇంకొందరు మాట్లాడతారు, మంత్రి లేచి మీ ఆలోచన మంచిదే ప్రభుత్వం చూసుకుంటుంది బిల్లు వెనక్కి తీసుకోండి అంటారు, ఆయన తీసుకుంటాడు, అయిపోతుంది.

ట్రాన్స్‌జెండర్ల హక్కుల కోసం తను పెట్టిన బిల్లుని శివ గారు వెనక్కి తీసుకోలేదు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసులో ట్రాన్స్‌జెండర్లని థర్డ్ జెండర్‌గా గుర్తించాలి, తాము ఎవరో చెప్పుకునే హక్కు వాళ్ళదే అని తీర్పు ఇచ్చింది కదా, ఆ ఏడాది చివర్లోనే ఆయన ఈ బిల్లు సభలో పెట్టారు. చదువుల్లో, ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం రిజర్వేషన్, జాతీయ స్థాయిలో రాష్ట్ర స్థాయిలో కమిషన్లు, వాళ్ళ కేసులకి ప్రత్యేక కోర్టులు, ఇవన్నీ అందులో ఉన్నాయి. 2015 ఏప్రిల్ 24 శుక్రవారం చర్చలో మంత్రి థావర్‌చంద్ గెహ్లోత్ గారు వెనక్కి తీసుకోమని అడిగారు, ఈయన కుదరదు, ఓటింగ్ పెట్టండి అని నిలబడ్డారు. చివరికి ఇలాంటి విషయంలో సభ రెండుగా చీలకూడదని అధికార పక్షం వైపు నుంచి అరుణ్ జైట్లీ గారే అన్నారు, మూజువాణి ఓటుతో బిల్లు ఏకగ్రీవంగా పాసైంది. కొన్ని దశాబ్దాల తర్వాత ఒక సభలో ప్రైవేట్ మెంబర్ బిల్లు గెలవడం అదే.

అది చట్టం కాలేదు, లోక్‌సభలో పాస్ కాలేదు. కానీ ఆ శుక్రవారం తర్వాత ప్రభుత్వం ఊరుకోలేకపోయింది, 2016లో తనే ఒక బిల్లు తెచ్చింది, అది తిరిగి తిరిగి 2019లో చట్టమైంది, మా మేనకోడలి చేతిలో ఉన్న కార్డు దానివల్లే వచ్చింది. అయితే 2019లో చేసిన ఆ చట్టంలో శివ గారి బిల్లులో ఉన్న రిజర్వేషన్ లేదు, ప్రత్యేక కోర్టుల్లేవు. వాళ్ళ మీద లైంగిక దాడి చేసినవాడికి 6 నెలల నుంచి 2 ఏళ్ళు శిక్ష అని అందులో పెట్టారు, అదే ఆడవాళ్ళ మీద అత్యాచారం చేస్తే తక్కువలో తక్కువ పదేళ్ళు. ఈ తేడా ఏ లెక్కన పెట్టారో నాకు ఎన్నిసార్లు చదివినా అర్థం కాలేదు, నా మేనకోడలి దేహానికి అంత తక్కువ విలువా? 2019 నవంబర్ 26న ఈ ప్రభుత్వ బిల్లు రాజ్యసభకి వచ్చినప్పుడు కూడా శివ గారు దీన్ని సెలెక్ట్ కమిటీకి, అంటే లోతుగా పరిశీలించే ఎంపీల కమిటీకి, పంపండి అని తీర్మానం పెట్టారు, ఓడిపోయారు. గెలిచినరోజూ ఓడినరోజూ ఆయన ఒకే విషయం మీద లేచి నిలబడ్డాడు, నాకు ఆయన మీద గౌరవం అందుకే.

ఇంకో మాట. తమిళంలో వీళ్ళకి తిరునంగై అని మర్యాద పేరు ఉంది, అక్కడ 2008లోనే సంక్షేమ బోర్డు కూడా పెట్టారు. అలాంటి నేల నుంచి వచ్చిన మనిషి కాబట్టి అలా మాట్లాడగలిగాడేమో అనిపిస్తుంది. మన దగ్గర చూడండి, నిజాం కాలంలో 1919లో తెచ్చిన చట్టం ఒకటుంది, వీళ్ళ పేర్లు పోలీసులు రిజిస్టర్లో రాసుకోవడం, ఆడ బట్టల్లో వీధిలో కనపడితే వారంట్ లేకుండా పట్టుకోవడం, అలాంటి చట్టాన్ని 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా పుస్తకాల్లో ఉంచుకున్నాం. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద స్త్రీ, పురుషుడు కాక 'ఇతరులు' అని రాయించుకున్నవాళ్ళు 4,87,803 మంది, రాయించుకోడానికి భయపడినవాళ్ళు ఎంతమందో మా అక్క ఇల్లు చూసిన నాకు తెలుసు.

మన రెండు రాష్ట్రాల నుంచి రాజ్యసభలో 18 మంది ఉన్నారు, ఆంధ్ర నుంచి 11, తెలంగాణ నుంచి 7. వాళ్ళని మనం నేరుగా ఓటేసి పంపలేదు, ఎమ్మెల్యేలు పంపారు, అందుకే ఎన్నికల్లో వచ్చి మన గుమ్మం ముందు నిలబడే అవసరం వాళ్ళకి లేదు, వాళ్ళు ఏం చేస్తున్నారో మనకి తెలియాలంటే పేపరే దిక్కు. సీటు ఎవరికిస్తారు అనే వార్త మీరు పది రోజులు రాస్తారు, ఏ కులం ఏ జిల్లా అన్నీ రాస్తారు, సీటు వచ్చాక ఆరేళ్ళలో ఆయన ఏ బిల్లు మీద ఏం మాట్లాడాడో ఒక్కసారి కూడా రాయరు. ఇది కోపంతో కాదు, బాధతో రాస్తున్నాను.

నేను అడిగేది చిన్నది. సెషన్ నడిచినప్పుడు ప్రతి శనివారం పేపర్లో అర కాలమ్ ఇవ్వండి చాలు. నిన్న మధ్యాహ్నం ఏ బిల్లు చర్చకొచ్చింది, మనవాళ్ళలో ఎవరు ఉన్నారు ఎవరు లేరు, మాట్లాడినవాళ్ళు ఏమన్నారు, వాళ్ళ మాటల్లోనే తెలుగులో వెయ్యండి. సభ రికార్డు ఇంగ్లీషు హిందీల్లో వెబ్‌సైట్‌లో పెడుతున్నారు గానీ మా అక్కలాంటి వాళ్ళు అది చదవగలరా? 2018 నుంచి రాజ్యసభలో 22 భాషల్లో మాట్లాడొచ్చు, అనువాదం చేసేవాళ్ళు ఉన్నారు, మనవాళ్ళు తెలుగులో మాట్లాడినప్పుడు అదీ రాయండి, మాట్లాడకపోతే ఎందుకు మాట్లాడలేదో అడగండి. కొత్తగా ఎవరికైనా సీటు వస్తే మొదటి ఇంటర్వ్యూలో మీరు పెట్టబోయే సొంత బిల్లు ఏంటి అని ఒక్క ప్రశ్న వెయ్యండి.

2015 నాటి ఆ చర్చని నేను ప్రింట్ తీసి, రాత్రిపూట కూర్చుని నాకొచ్చిన తెలుగులో రాసి అక్కకి చదివి వినిపించాను. మా మేనకోడలు పక్కనే కూర్చుని విన్నది, అయ్యాక, మామయ్యా నేను ఇంటర్ చదివేటప్పుడే ఇదంతా మాట్లాడారా, అప్పుడు నాకు ఎవరైనా చెప్పుంటే బాగుండేది కదా అంది. ఆ కాగితాలు నా దగ్గరే ఉన్నాయి, మీకు పనికొస్తాయంటే పంపిస్తాను. వచ్చే సెషన్ మొదటి శనివారం నుంచైనా మొదలుపెట్టండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఖమ్మం