గుండె వైద్యం పాఠాలు మండలాల దాకా రావాలి

సంపాదకుడు గారికి,

పది రోజుల కింద మీ జిల్లా పేజీలో ఒక వార్త వచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీల) డాక్టర్లకు గుండె, రక్తనాళాల జబ్బుల మీద నగరంలోని పెద్ద హోటల్లో సదస్సు పెట్టారని, ఘనంగా ముగిసిందని. జ్యోతి ఎవరు వెలిగించారో రాశారు, శాలువాలు ఎవరెవరికి కప్పారో రాశారు, వేదిక మీదున్న అందరి పేర్లూ హోదాలతో సహా వేశారు. వచ్చిన డాక్టర్లకు ఏం నేర్పారో మాత్రం ఒక్క ముక్క లేదు. ఎవరైనా అడుగుతారని చూశాను. ఎవరూ అడగలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా, తర్వాత హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. డాక్టర్ల చదువు సంగతి నర్సుకెందుకు అనేవాళ్లు ఉంటారు. అర్ధరాత్రి ఎద నొప్పితో వచ్చిన మనిషిని మొదట పట్టుకునేది నర్సే. డాక్టరు ఏం నేర్చుకున్నాడో, ఏం నేర్చుకోలేదో ఆ పది నిమిషాల్లో మాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

2002 నాటి వైద్య నీతి నియమావళి ప్రకారం ప్రతి డాక్టరూ ఐదేళ్లలో కనీసం 30 గంటలు ఇలాంటి నిరంతర వైద్య విద్యలో పాల్గొనాలి. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు మెడికల్ కౌన్సిల్ ఆ గంటలకు వచ్చే పాయింట్లు చూస్తుంది. నియమం మంచిదే. కానీ లెక్కపెట్టేది గంటలను మాత్రమే. సంతకం పెట్టి, బ్యాగు తీసుకుని, మధ్యాహ్నం భోజనం చేసి సర్టిఫికెట్‌తో ఇంటికెళ్లినా పాయింట్లు పడతాయి. ఛాతీ కోయకుండా కవాటం ఎలా మారుస్తారో తెర మీద గంటసేపు చూపిస్తే మా ఆదోని వైపు మండలాలైన కౌతాళంలోనో కోసిగిలోనో పనిచేసే మెడికల్ ఆఫీసరుకు దాంతో ఏం పని? అది చెప్పే పెద్ద డాక్టరుకు రేపు కేసులు రావచ్చు, బయట స్టాల్ పెట్టిన మందుల కంపెనీకి అమ్మకాలు పెరగొచ్చు. కంపెనీల సొమ్ముతో జరిగే సదస్సులకు డాక్టర్లు వెళ్లకూడదని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నిబంధన తెచ్చి, అదే నెలలో పక్కన పెట్టేసింది. ఆ మరుసటి ఏడాది కేంద్రం తెచ్చిన మందుల మార్కెటింగ్ కోడ్ విదేశాల్లో సదస్సులు వద్దంది, దేశంలో అయితే షరతులతో ఒప్పుకుంది. సరే, డబ్బు ఎవరిదైనా పాఠం పనికొచ్చేదైతే కొంత ఓర్చుకుంటాం. పనికిరాని పాఠానికి కూడా పాయింట్లు ఇచ్చేస్తున్నారన్నదే నా బాధ.

పనికొచ్చేది ఏమిటో చెబుతాను. మా ప్రాంతంలోనే ఒక కేంద్రానికి మూటలు మోసే హమాలీ ఒకతను వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. దవడ లాగుతోందన్నాడు, పొట్ట పైభాగంలో మంటన్నాడు, చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట. సోడా తాగినా తగ్గలేదట. గ్యాసేనని పాంటాప్ పెట్టి, నొప్పికి తుంటికి డైక్లో ఇంజెక్షన్ వేసి పడుకోమన్నారు. ఈసీజీ మిషను పక్క గదిలోనే ఉంది. దాని మీద ప్లాస్టిక్ కవరు, కవరు మీద దుమ్ము. పేపరు రోలు ఎప్పుడు అయిపోయిందో ఎవరికీ గుర్తులేదు. ఛాతీకి పెట్టే రబ్బరు బల్బుల్లో ఒకటి చీలిపోయి పట్టదు. ఇంకా తగ్గట్లేదని ఇంటివాళ్లు బళ్లారి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఇద్దరు ఆడపిల్లలు.

గుండె కింది గోడకు రక్తం ఆగితే అచ్చం గ్యాస్‌లాగే ఉంటుంది. సుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు చాలాసార్లు ఛాతీ నొప్పే రాదు, ఆయాసమో నీరసమో వస్తుంది. అందుకే అనుమానం ఉన్న ప్రతి మనిషికీ వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలని పుస్తకాలన్నీ చెబుతాయి. గుండెపోటు అనుమానం ఉంటే కండరానికి సూది వేయకూడదు కూడా. తర్వాత గడ్డ కరిగించే మందు ఇస్తే ఆ సూది దిగిన చోట లోపల రక్తం కారుతుంది. ఆస్పిరిన్ నమిలించాలి, ఆలస్యం చేయకూడదు. వీటిలో ఏ ఒక్కటీ హోటల్ తెర మీద చూసి వచ్చేది కాదు, చేయించి నేర్పాల్సిందే. ఛాతీ మీద మొదటి రెండు లీడ్లు (ఈసీజీ తీగల కొసలు) నాలుగో పక్కటెముకల సందులో పెట్టాలి. హడావిడిలో ఇంకా పైన పెట్టేస్తారు, బొమ్మే మారిపోతుంది. కుడి ఎడమ చేతుల తీగలు తారుమారైన ఈసీజీలు నా సర్వీసులో ఎన్నో చూశాను. సరిగా తీయని ఈసీజీని ఎంత పెద్ద డాక్టరు చూసి మాత్రం లాభమేముంది?

గుండె రక్తనాళం మూసుకుపోయి వచ్చే తీవ్రమైన గుండెపోటుకు రాష్ట్రంలో 2023లో స్టెమీ కార్యక్రమం మొదలైంది. చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీసి పంపితే పెద్దాసుపత్రిలోని గుండె డాక్టరు చూసి చెబుతారు, అక్కడికక్కడే గడ్డ కరిగించే మందు టెనెక్టిప్లేస్ ఇస్తారు. మనిషి బరువును బట్టి మోతాదు, ఒకే ఇంజెక్షన్. సుమారు 40 వేల రూపాయల మందు ఉచితంగా ఇస్తున్నారు. ఆదోని నుంచి కర్నూలు వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. మూసుకున్న నాళం తెరిచే యాంజియోప్లాస్టీకి అంత దూరం పోయేలోపు గుండె కండరం చచ్చిపోతుంది, కాబట్టి మాలాంటి ప్రాంతానికి ఇది నిజంగా వరమే, పెట్టినవాళ్లకు దండం పెడతాను. కానీ ఆ మందు ఫ్రిజ్‌లోనో అల్మరాలోనో ఉంటే చాలదు. రోగి మొదట వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరకో పీహెచ్‌సీకో. అక్కడ గ్యాస్ అని రెండు గంటలు కూర్చోబెడితే ఆ మందు సగం వృథా. ఇక రెఫర్ చీటీ చూడండి. ఛాతీ నొప్పి, పెద్దాసుపత్రికి పంపడమైనది, అంతే. నొప్పి ఎన్ని గంటలకు మొదలైంది, బీపీ ఎంత ఉంది, ఏం మందులు ఇచ్చారు, ఏదీ ఉండదు. అవతల డాక్టరు మొదట అడిగేది నొప్పి మొదలైన టైమే. ఒకప్పుడు మా పెద్ద డాక్టర్లు కేస్ షీట్ సరిగా రాయకపోతే విసిరికొట్టేవాళ్లు. ఇప్పుడు విసిరికొట్టే తీరిక ఎవరికీ లేదు.

బీపీ సంగతి ఇంకా అన్యాయం. పరుగెత్తుకుంటూ వచ్చిన ముసలామెకు నిలబెట్టే, చీర కొంగు మీదుగానే పట్టీ చుట్టి చూసేస్తారు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, వీపు ఆనించాలి, చేతికి ఆధారం ఉండాలి, మొదటిసారి రెండు చేతులకూ చూడాలి. రక్తపోటు నియంత్రణకు దేశంలో 2017లో మొదలుపెట్టిన కార్యక్రమంలో తెలంగాణ మొదటి విడతలోనే చేరింది. దాని పద్ధతి నాకు నచ్చింది. ఏ మాత్రతో మొదలుపెట్టాలి, తగ్గకపోతే తర్వాత ఏది కలపాలి అన్నది ఒక్క కాగితం మీద ఉంటుంది, డాక్టరుతో పాటు నర్సుకూ పని పంచుతారు. మా పడమటి మండలాల్లో దానికి ఇంకో చిక్కుంది. మిరపకాయలు కోయడానికి జనం గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు, నెలల తరబడి ఉంటారు. చేతికిచ్చేది నెల మాత్రలు. అయిపోయాక ఆపేస్తారు, తిరిగొచ్చేది పక్షవాతంతో. సుగ్గికి పోయేవాళ్లకు సరిపడా మాత్రలు ఇచ్చి పంపాలన్న చిన్న విషయం ఏ సదస్సులో చెబుతారు? ఇక్కడి డాక్టరూ నర్సూ ఎదురెదురుగా కూర్చుంటేనే ఆ మాట బయటికొస్తుంది.

రక్తనాళాలు అని వార్తలో రాశారు గనక కాళ్ల మాట కూడా ఎత్తుతున్నాను. కొంచెం నడిస్తే పిక్కలు పట్టేస్తాయి, నిలబడితే తగ్గిపోతాయి అని ఎవరైనా అంటే, ముఖ్యంగా బీడీ తాగేవాళ్లూ సుగర్ ఉన్నవాళ్లూ అంటే, కాలి నరాల బలహీనత అని బీకాంప్లెక్స్ రాసి, నొప్పి మాత్రలు ఇచ్చి పంపుతారు. ఆ నొప్పి మాత్రలు బీపీ పెంచుతాయి, కిడ్నీల మీద పడతాయి. చెప్పు విప్పించి పాదం మీద నాడి పట్టుకుని చూసిన డాక్టర్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 కంటే తక్కువ వస్తే కాలికి రక్తం సరిగా అందట్లేదని అర్థం. దీనికి రక్తం పారే శబ్దం వినిపించే, చేతిలో పట్టే చిన్న డాప్లర్ పరికరం, బీపీ పట్టీ ఉంటే చాలు. సుగర్ ముదిరినవాళ్లలో నాళాలు గట్టిపడి అంకె ఎక్కువగా చూపిస్తుంది, ఆ జాగ్రత్త కూడా నేర్పాలి. వేలు నల్లబడ్డాక తీసుకొస్తే సర్జన్ వార్డులో మేము కట్లు కట్టింది కోసేసిన కాళ్లకే.

డాక్టర్లనే అంటున్నానని అనుకోవద్దు. మైదాన ప్రాంతంలో ముప్ఫై వేల జనాభాకు ఒక పీహెచ్‌సీ అని లెక్క. పొద్దున లేస్తే ముఖం చూపించి హాజరు వేసే యాప్, తర్వాత రకరకాల యాప్‌లలో ఎంట్రీలు, మధ్యాహ్నం వీడియో కాన్ఫరెన్స్, ఎప్పుడు ఏ అధికారి తనిఖీకి వస్తాడోనన్న టెన్షన్. ట్రైనింగ్‌కు పోతే ఆ రోజు ఓపీ ఎవరు చూస్తారు? పైనుంచి అడిగేది ఎన్ని ఎంట్రీలు అయ్యాయనే గానీ, ఎంతమందికి టైముకు ఈసీజీ తీశారని ఎప్పుడైనా అడిగారా? పిల్ల డాక్టర్లు రెండేళ్లు చేసి పీజీ సీటు రాగానే వెళ్లిపోతారు, వెళ్లాలి కూడా. మళ్లీ కొత్తవాళ్లు, మళ్లీ మొదటికి. అక్కడే ఉండిపోయేది స్టాఫ్ నర్సు, విలేజ్ క్లినిక్‌లోని ఎంఎల్‌హెచ్‌పీ (మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్త), ఏఎన్ఎం. వాళ్లను ఒక్కరినైనా ఆ హోటల్‌కు పిలిచారా? 108 బండిలో ఉండే టెక్నీషియన్‌ను పిలిచారా?

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. నెలకు ఒక పూట ఏరియా ఆసుపత్రిలో పెట్టండి. కర్నూలు పెద్దాసుపత్రి గుండె డాక్టరు ఒకరు రావాలి, రాలేకపోతే తెర మీదైనా కూర్చోవాలి. ముందు నెలలో మా మండలాల నుంచే వెళ్లిన ఈసీజీలను పేర్లు కొట్టేసి చూపించాలి. ఆ మనిషి ఎన్ని గంటలకు వచ్చాడు, ఎన్ని గంటలకు ఈసీజీ తీశారు, ఆఖరికి బతికాడా లేదా చెప్పాలి. డాక్టరూ నర్సూ పక్కపక్కనే నిలబడి లీడ్లు పెట్టి చూపించాలి, పాదం నాడి పట్టుకుని చూపించాలి. చేసి చూపించినవాళ్లకే కౌన్సిల్ పాయింట్లు ఇవ్వాలి. ఆ పూట డ్యూటీ కిందే రాయాలి, ప్రయాణ భత్యం ఇవ్వాలి, ఓపీకి ఇంకొకరిని వేయాలి. ఈసీజీ పేపరు, బల్బులు ఇండెంట్ పెట్టి తెప్పించే బాధ్యత ఎవరిదో పేరుతో సహా గోడ మీద రాయాలి.

సెప్టెంబరు 29న ప్రపంచ గుండె దినానికి మళ్లీ సదస్సు ఉంటుంది, మళ్లీ మీకు ఆహ్వానం వస్తుంది. మీ విలేకరిని ఆ రోజు హోటల్‌కు పంపేముందు ఏదో ఒక పీహెచ్‌సీకి పంపి, ఈసీజీ మిషను ఆన్ చేయించి, రోలు ఉందో లేదో చూసి రమ్మనండి. చూసింది చూసినట్టు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
ఆదోని, కర్నూలు జిల్లా