మరుగుజ్జులు ఎక్కడికి పోయారని అడిగావు కదా

విశాఖపట్నం
ఆదివారం రాత్రి

ఒరేయ్ సీనుగా,

మొన్న ఫోన్లో నీ స్కైరిమ్ వీడియో గేమ్ గురించి చెబుతూ ఉన్నట్టుండి "ఇంతకీ ఈ మరుగుజ్జోళ్ళంతా ఏమైపోయార్రా?" అన్నావు చూడు, సరిగ్గా అప్పుడే నాకు ఇంకో కాల్ వచ్చింది. ఒక అపార్ట్‌మెంట్లో లిఫ్టు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిపోయిందట. లోపల ఒక పెద్దావిడ, చేతిలో కూరగాయల సంచీ. నీ ఫోన్ పెట్టేసి బండి తీశాను. తలుపు తెరిచేసరికి ఆవిడ తీరిగ్గా కింద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుకుంటోంది! ఆవిణ్ణి దింపి, బ్రేకు చూసి, ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే నీ ప్రశ్న మళ్ళీ బుర్రలో తిరగడం మొదలైంది. ఇది ఫోన్లో తేలే సంగతి కాదు. అందుకే కాగితం తీశాను. చదివే ఓపిక లేకపోతే దోహా ఎండలో విసనకర్రగా వాడుకో.

ముందు ఒక మాట. వాళ్ళు మరుగుజ్జులు కారు. అసలు పేరు డ్వెమర్. ఆ ఆట లోకంలో ఎల్ఫ్ అనే జాతిలో ఒక శాఖ, మామూలు ఎత్తు మనుషులే. వాళ్ళని మొదట చూసిన రాక్షసకాయులకి పొట్టిగా కనిపించారట, ఆ పేరే నిలిచిపోయింది. నువ్వు పన్నెండేళ్ళు ఆలస్యంగా స్కైరిమ్ మొదలుపెట్టి, మార్కార్త్ అనే ఊళ్ళో వాళ్ళ మ్యూజియం చూసి, "ఇంత పొడుగు కుర్చీలు పొట్టోళ్ళకెందుకురా" అని నవ్వావు కదా, జవాబు అదన్నమాట.

తెలిసిన కథ కాస్తే. ఆ ఆట లోకపు లెక్కలో మొదటి యుగం 700వ సంవత్సరంలో రెడ్ మౌంటెన్ అనే కొండ దగ్గర యుద్ధం జరిగింది. ఒకపక్క డూమాక్ రాజు, డ్వెమర్లు. ఇంకోపక్క నెరెవార్, అతని జనం. ఆ కొండ కింద చచ్చిపోయిన దేవుడు లోర్ఖాన్ గుండె దొరికింది వీళ్ళకి. డ్వెమర్ల పెద్ద మేస్త్రీ కాగ్రెనాక్ దాని మీద పనిచేయడానికి మూడు పనిముట్లు చేశాడు. సండర్ అనే సుత్తి, కీనింగ్ అనే కత్తి, చెయ్యి కాలిపోకుండా వేసుకునే రైత్‌గార్డ్ అనే గ్లౌజు. సుత్తితో కొడితే గుండెలోంచి ఒక స్వరం వస్తుంది, కత్తితో ఆ స్వరాన్ని చీల్చి కావలసినట్టు మలుచుకోవాలి. వాళ్ళ విద్యంతా ధ్వని మీదే, లోకాన్ని ఒక శ్రుతిగా చూశారు వాళ్ళు. యుద్ధం ఓడిపోతున్నారని తెలిశాక కాగ్రెనాక్ ఆ పనిముట్లు గుండె మీద ప్రయోగించాడు. అంతే. ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళు, ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళు, నేల మీదున్నవాళ్ళు, నేల కిందున్నవాళ్ళు, అందరూ ఒక్కసారి లేకుండా పోయారు.

ఇది 2002లో ఇదే వరసలోని పాత గేమ్ మారోవిండ్ వచ్చినప్పటి నుంచీ నలుగుతోంది. ఆటలో ఏ పుస్తకం తీసినా ఒకడు చెప్పింది ఇంకొకడు చెప్పడు. ఒక కథనంలో కాగ్రెనాక్, అతని వాళ్ళు కళ్ళముందే మాయమయ్యారంటాడు. ఇంకో కథనంలో యుద్ధభూమిలో డ్వెమర్లు దుమ్మై రాలిపోయారంటాడు. వేరే ఒక చరిత్రకారుడైతే సంవత్సరమే 700 కాదు, 668 అంటాడు. డ్వెమర్లకి నోరు విప్పకుండా దూరాన ఉన్నవాళ్ళతో మాట్లాడుకునే విద్య ఉండేదనీ, ఒక మహామేధావి అందర్నీ ఒకేసారి "పిలిచి" తీసుకెళ్ళిపోయాడనీ ఆయన సిద్ధాంతం. ఈ పిలుపు మాట గుర్తుపెట్టుకో, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

అభిమానుల్లో ఎక్కువ పేరున్న వాదం ఇంకోటి. ఈ లోకమంతా ఎవడో దేవుడు కంటున్న కల. ఆ సంగతి తెలుసుకుని కూడా "నేనున్నాను" అని పట్టుబట్టి నిలబడ్డవాడు దేవుడితో సమానమైపోతాడు. తెలుసుకుని "అయితే నేను లేనన్నమాట" అనుకున్నవాడు నిజంగానే లేకుండా పోతాడు. డ్వెమర్లు లెక్క మరీ కచ్చితంగా వేసుకునే జనం కదా, లెక్క సున్నా అని తేలింది, వాళ్ళూ సున్నా అయ్యారు. వినడానికి గొప్పగా ఉంటుంది, మా మావయ్య చెప్పే వేదాంతంలాగ. కానీ నాకు నచ్చదురా. ఒక జాతి జాతంతా, పసిపిల్లలతో సహా, వంటింట్లో గిన్నె కడుగుతున్న మనిషితో సహా, ఒకే క్షణంలో తత్వజ్ఞానులైపోతారా? మా ఇంట్లో ఐదుగురం ఆదివారం ఏ కూర వండాలో ఒక మాట మీదికి రాలేం.

నా మట్టుకు నాకు అసలు చిక్కు రౌర్కెన్ వాళ్ళ దగ్గర ఉంది. ఈ వంశం వాళ్ళు నెరెవార్ జనంతో పొత్తు మాకొద్దని అలిగి, చాలా ముందే విడిపోయారు. వాళ్ళ పెద్ద వోలెండ్రంగ్ అనే సుత్తిని విసిరితే అది పడ్డ చోట స్థిరపడదామని ఖండం అటు చివరికి నడిచి పోయారు. ఆ ప్రాంతానికి హామర్‌ఫెల్ అన్న పేరు అలా వచ్చిందే. మరి ఆ యుద్ధంతో సంబంధం లేనివాళ్ళు, కాగ్రెనాక్ మాట వినని వాళ్ళు, ఖండం అటు చివర ఉన్నవాళ్ళు, వాళ్ళెందుకు మాయమయ్యారు? పేలుడైతే దూరం చూస్తుంది. శాపమైతే తప్పు చూస్తుంది. ఇది రెండూ చూడలేదు. యుద్ధంలో పక్కనే కత్తి పట్టుకుని నిలబడ్డ శత్రువుకి వెంట్రుక కూడా రాలలేదు. నేల కింద ఇంకో చోట, తాము గుడ్డివాళ్ళని చేసి బానిసలుగా పెట్టుకున్న ఫాల్మర్లు అనే ఇంకో జాతివాళ్ళతో దశాబ్దాలుగా డ్వెమర్లకి యుద్ధం నడుస్తోంది. ఒక రోజు ఎదురుగా కొట్టేవాడే లేడు. ఫాల్మర్లు ఏమనుకుని ఉంటారో! (నువ్వు నేల కింది బ్లాక్‌రీచ్ గుహలో వాళ్ళని చూసి పరిగెత్తావని మీ చంటోడు చెప్పాడులే.)

అంటే అది జాతిని చూసి ఎంచుకుంది. ఒక్కణ్ణి తప్ప.

ఆ ఒక్కడే యాగ్రుమ్ బగార్న్. మారోవిండ్‌లో డివేథ్ ఫిర్ అనే ముసలి మాంత్రికుడి కోట కింద, కార్‌ప్రస్ అనే జబ్బు పట్టినవాళ్ళని ఉంచే గుహలో ఉంటాడు. ఒళ్ళంతా ఉబ్బిపోయి, కాళ్ళు పనిచేయక, కింద యంత్రపు సాలీడు కాళ్ళు తగిలించుకుని కూర్చుని ఉంటాడు. కాగ్రెనాక్ దగ్గర పనిచేసినవాడే. ఆ రోజు ఈ లోకంలో లేడు, వేరే ఏదో బయటి లోకానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఊళ్ళన్నీ ఖాళీ. ఏళ్ళ తరబడి వెతికాడు. మనం ఆడేటప్పటికి అతనికి 3,500 ఏళ్ళు దాటి ఉంటాయి. కాగ్రెనాక్ రాసిన పుస్తకాలు తీసుకెళ్ళి ముందు పెడితే చదువుతాడు, ఏం జరగాలని చూశారో చెబుతాడు, ఏం జరిగిందో మాత్రం చెప్పలేడు. చూశావా ఆ రాసినవాళ్ళ దొంగతనం? మొత్తం జాతిలో ఒక్క సాక్షిని మిగిల్చి, ఆ సాక్షిని కూడా ఆ రోజు ఊళ్ళో లేకుండా చేశారు.

ఇప్పుడు నా సిద్ధాంతం. నవ్వితే నవ్వు.

యాగ్రుమ్ ఎందుకు మిగిలాడు? కవరేజ్ ఏరియాలో లేడు కాబట్టి!

ఆ 668 మనిషి సంవత్సరం తప్పు చెప్పాడేమో కానీ పిలుపు మాట తప్పు కాదు. కాగ్రెనాక్ తయారుచేస్తున్నది న్యూమిడియం అనే ఇత్తడి దేవుణ్ణి. అంత పెద్ద యంత్రంలో పెట్టడానికి ప్రాణం కావాలి. దేవుడి గుండె నుంచి స్వరం తీశాడు. ఆ స్వరం డ్వెమర్ అన్న ప్రతి ప్రాణిలోనూ ఉన్న మీట నొక్కింది. అలిగి వెళ్ళిపోయిన రౌర్కెన్ వాళ్ళలో కూడా, ఎందుకంటే అలిగినా రక్తం అదే, మాట్లాడుకునే ఆ విద్య అదే. అందరూ వెళ్ళి యంత్రంలో కలిశారు. యాగ్రుమ్ ఇంకో లోకంలో ఉన్నాడు, అతని దాకా మోగలేదు. వాళ్ళంతా న్యూమిడియం ఒంటి మీద చర్మమైపోయారని ఎప్పటినుంచో చెప్పుకుంటూనే ఉన్నారు, అందులో నాది ఏమీ లేదు. ఈ కవరేజ్ ముక్క ఒక్కటే నాది. ఇది కూడా ఎవడో ముందే అని ఉంటాడులే.

దీనికి ఎదురు ప్రశ్న ఉంది, దాచను. తర్వాత ఎన్నో వందల ఏళ్ళకి టైబర్ సెప్టిమ్ అనే చక్రవర్తి ఆ న్యూమిడియంని లేపి యుద్ధాలకి నడిపించాడు. లోపల ఒక జాతి జాతి ఉంటే ఒక్క గొంతైనా వినపడాలి కదా? పైగా దాన్ని నడపడానికి వాడు వేరే శక్తి ఎక్కించుకోవలసి వచ్చింది. ఇక్కడ నా వాదం కుంటుతుంది. వాళ్ళు ఇంధనం కాదు, రేకు అయ్యారు కాబట్టి మాట్లాడరు అని సర్దిచెప్పుకుంటాను, కానీ సర్దిచెప్పుకోవడమే అది.

నా పని గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు ఈ పిచ్చి ఎక్కించింది ఆ లిఫ్టులే. ఆల్ఫ్‌టాండ్ అనే డ్వెమర్ శిథిలం నుంచి బ్లాక్‌రీచ్‌కి, అక్కణ్ణుంచి మళ్ళీ పైకి, మీట లాగగానే కుదుపు లేకుండా వెళ్ళే ఆ లిఫ్టు. మొదటిసారి ఎక్కినప్పుడు నేను రాక్షసులని చూడలేదు, రోపు ఎక్కడుందా అని చూశాను. లెక్క వేశాను కూడా. వాళ్ళు పోయిన మొదటి యుగం 700 నుంచి స్కైరిమ్ కథ జరిగే నాలుగో యుగం 201 దాకా సుమారు 3,750 ఏళ్ళు. అన్నేళ్ళూ ఏఎంసీ (ఏటా చేసుకునే మెయింటెనెన్స్ ఒప్పందం) లేదు, గ్రీజు లేదు, బ్రేక్ షూ మార్చినవాడు లేడు. ఇక్కడ మూడు నెలలు నేను ముఖం చూపించకపోతే లిఫ్టు వేగం మితిమీరకుండా చూసే గవర్నర్ మొరాయిస్తుంది. తర్వాత అర్థమైంది, ఆ యంత్రపు సాలీళ్ళు ఉన్నాయే, నువ్వు కనపడ్డదాన్నల్లా సుత్తితో పగలగొడుతున్న సాలీళ్ళు, అవేరా మెకానిక్కులు. పైపులకి ఆవిరి వదిలేదీ, చక్రాలు సర్దేదీ అవే. వాటికి యజమాని పోయాడని ఎవరూ చెప్పలేదు. డ్యూటీ చేసుకుంటున్నాయి. నువ్వు దొంగలా గోడ దూకి వచ్చి, వాటిని చంపి, ఇత్తడి పళ్ళేలు బస్తాకెత్తుకుని, బరువెక్కువై నడవలేక నత్తలా పాకుతూ బయటికొస్తున్నావు. సిగ్గుండాలి.

ఆ రోజు ఆ పెద్దావిడని దింపాక కూడా ఇదే ఆలోచన. మనుషులు పోయినా లిఫ్టు పైకీ కిందికీ తిరుగుతూనే ఉన్న భవనం ఎలా ఉంటుందా అని. పోయినేడు ఒక పాత కాంప్లెక్సు ఖాళీ చేశారు, కూలగొట్టే ముందు లిఫ్టు విప్పడానికి వెళ్ళాను. కరెంటు ఇంకా తీయలేదు. ఎవరూ లేరు. నేను కింద నిలబడి చూస్తుంటే అది తనంతట తానే నాలుగో అంతస్తుకి వెళ్ళింది. బటన్ ఇరుక్కుపోయిందంతే, నాకు తెలుసు. అయినా రెండు నిమిషాలు కదల్లేకపోయాను.

సరే, అసలు సంగతి చివరికి దాచాను. నువ్వు వింటర్‌హోల్డ్ కాలేజీలో ఆర్నియెల్ గేన్ అనే ఒక నసుగుడు మాస్టార్ని చూసే ఉంటావు. ఆయనా మనలాంటి పిచ్చోడే, డ్వెమర్లు ఎలా పోయారో కనిపెట్టాలని జీవితం పెట్టేశాడు. కాగ్రెనాక్ చేసింది మళ్ళీ చేసి చూద్దామనుకున్నాడు. దేవుడి గుండె లేదు కాబట్టి దాని బదులు ఒక ఆత్మరాయిని (ఆటలో సోల్ జెమ్ అంటారే, అది) డ్వెమర్ యంత్రంలో వేడిచేయించి వంకర చేయించాడు. సుత్తి లేదు, గ్లౌజు లేదు, కీనింగ్ ఒక్కటి సంపాదించాడు. దాంతో రాయి మీద కొట్టాడు, ఏమీ కాలేదు, మళ్ళీ కొట్టాడు. మాయం. నీ కళ్ళముందే. కత్తి కిందపడి ఉంటుంది.

ఇక్కడ నా సిద్ధాంతానికి దెబ్బా ఉంది, బలమూ ఉంది. దెబ్బ ఏమిటంటే, ఆర్నియెల్ డ్వెమర్ కాడు, ఏ పిలుపూ అతని జాతిది కాదు, అయినా పోయాడు. అయితే గదిలో నువ్వు పోలేదు, అతని జాతివాళ్ళూ ఎవరూ పోలేదు. కొట్టినవాడొక్కడే పోయాడు. గుండె అసలుదైతే జాతికి మోగుతుంది, నకిలీదైతే ఒక్కడికి మోగుతుంది అనుకుంటాను నేను. బలం ఏమిటంటే, అతను పోయాక నీకొక మంత్రం వస్తుంది. అది వేస్తే ఆర్నియెల్ నీడ వచ్చి నీ పక్కన నిలబడి యుద్ధం చేస్తుంది. మాట్లాడదు. అంటే అతను "లేకుండా" పోలేదురా! ఎక్కడో ఉన్నాడు. పిలిస్తే వస్తున్నాడు. ఆ సున్నా వాదం వాళ్ళు దీనికి ఏం చెబుతారో నాకు ఇంతవరకూ సరైన జవాబు దొరకలేదు.

అదే దారిలో డ్వెమర్లూ ఎక్కడో ఉంటే, వాళ్ళని పిలిచే స్వరం తెలిసినవాడే లేడు. తెలియగలిగినవాడు గుహలో సాలీడు కాళ్ళ మీద కూర్చున్నాడు, కాగ్రెనాక్ రాసిందంతా చదివి కూడా తల అడ్డంగా ఊపుతున్నాడు. నువ్వు మారోవిండ్ ఆడకపోతే ఈ ముక్క నీకు సగమే అర్థమవుతుంది. బొమ్మలు పాతవి, మనుషుల ముఖాలు చెక్కముక్కల్లా ఉంటాయి, అయినా ఆడు. యాగ్రుమ్ ఒక్కడి కోసం ఆడు.

సంక్రాంతికి వస్తున్నావా లేదా తేల్చు. అమ్మ నీకోసం మాగాయ విడిగా తీసి పెట్టింది, మళ్ళీ నాకు దక్కదు. చెల్లెమ్మకి నమస్కారం, చంటోడికి ముద్దులు. లాప్‌టాప్ తెచ్చుకో.

అన్నట్టు, నీ బస్తాలో ఉన్న ఆ గేరు చక్రాలు, డ్వెమర్ కాగ్‌లు, "వీటికి రేటు లేదు, బరువు దండగ" అన్నావు చూడు, అవి మాత్రం పారేయకు, అమ్మకు. పది ఉంచు. ఆర్నియెల్ మొదట అడిగేది అవే.

ఇట్లు,
నీ బాబ్జీ