నా 10 మెగాహెర్ట్జ్ పెట్టెను మళ్ళీ నిలబెట్టిన వాళ్ళందరికీ

నా జీపీఎస్ రిఫరెన్స్ (రేడియోలకి కచ్చితమైన 10 మెగాహెర్ట్జ్ ఇచ్చే పెట్టె) మళ్ళీ రాత్రంతా లాక్‌లో, అంటే ఉపగ్రహాల టైముని పట్టుకునే, ఉంటోంది, ఏసీ వేసినా సరే. ఫోన్లలో ఎవరికి వాళ్ళకి థాంక్స్ చెప్పాను కానీ నా మనసుకి అది సరిపోలేదు. ఎవరెవరు ఏం చేశారో నలుగురికీ తెలియాలి, అందుకే ఈ పోస్టు. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఈ పెట్టె ఏమిటో తెలియని వాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. దీని పేరు ట్రింబుల్ థండర్‌బోల్ట్. సీడీఎంఏ అనే పాత రకం మొబైల్ ఫోన్ల సెల్ టవర్లన్నీ మైక్రోసెకన్ల తేడా లోపల ఒకే టైముకి నడవాలి, ఆ పని కోసం ఇలాంటివి వాడేవాళ్ళు. ఆ నెట్‌వర్కులు మూతపడ్డాక పాత సామాను కింద బయటికొచ్చి మా బోటి హాబీ వాళ్ళ బల్లల మీదకి చేరాయి. లోపల క్వార్ట్జ్ క్రిస్టల్ ఒకటి చిన్న ఓవెన్‌లో కూర్చుని ఉంటుంది, ఎందుకంటే వేడి మారితే క్రిస్టల్ ఫ్రీక్వెన్సీ మారిపోతుంది, కాబట్టి దాన్ని మన ఎండల కంటే బాగా ఎక్కువ వేడిలో, ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచుతారు. ఎంత ఓవెన్‌లో పెట్టినా క్రిస్టల్ నెలలు గడిచేకొద్దీ మెల్లగా పక్కకి జరుగుతుంది. అక్కడ జీపీఎస్ పని మొదలవుతుంది. ఉపగ్రహాల్లో ఉన్న అణు గడియారాల ఆధారంగా రిసీవర్ సెకనుకొక పల్స్ తయారుచేస్తే, పెట్టె తన 10 మెగాహెర్ట్జ్‌ని దానితో పోల్చుకుంటూ క్రిస్టల్‌కి వెళ్ళే కంట్రోల్ వోల్టేజీని కాస్త పైకీ కాస్త కిందకీ జరుపుతుంది. రేడియోలో వార్తల ముందు వచ్చే బీప్‌తో చేతివాచీ సరిచేసుకున్నట్టే, కాకపోతే ఇది ఆ పని రాత్రీ పగలూ ఆపకుండా చేస్తుంది.

నాకు ఇది ఎందుకంటే క్యూఓ-100 వినడానికి. ఖతర్ వాళ్ళ కోసం 2018 నవంబరులో ఎగరేసిన ఎస్‌హెయిల్-2 ఉపగ్రహంలో హ్యామ్‌ల (హాబీగా రేడియోలో మాట్లాడుకునేవాళ్ళ) కోసం ఒక ట్రాన్స్‌పాండర్ (కింది నుంచి వచ్చిన సిగ్నల్‌ని తిరిగి కిందకి పంపేది) పెట్టారు, దాని పేరు క్యూఓ-100. 25.9 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద కదలకుండా ఉంటుంది కాబట్టి విజయవాడ నుంచి చూస్తే పడమటి ఆకాశంలో దాదాపు పాతిక డిగ్రీల ఎత్తులో ఎప్పుడూ అక్కడే ఉంటుంది. మా సత్యనారాయణపురం డాబా మీద చిన్న డిష్ పెట్టుకుంటే యూరప్ నుంచీ ఆఫ్రికా నుంచీ మాట్లాడుకునే మాటలు ఇంట్లో కూర్చుని వినొచ్చు. అయితే ఉపగ్రహం నుంచి కిందకి వచ్చే సిగ్నల్ (డౌన్‌లింక్) 10489 మెగాహెర్ట్జ్ దగ్గర. డిష్ ముందుండే ఎల్ఎన్‌బీలో, ఆ సిగ్నల్‌ని కింది ఫ్రీక్వెన్సీకి దించడానికి, 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ని 390 రెట్లు చేసి 9750 తయారుచేస్తారు, అంటే కింద జరిగిన తప్పు పైన 390 రెట్లు అవుతుంది. రిఫరెన్స్ పది లక్షల్లో ఒక వంతు తప్పితే పైన 9,750 హెర్ట్జ్ పక్కకి పోయినట్టే. మనిషి గొంతుకి కావలసింది 3 కిలోహెర్ట్జ్ కూడా లేదు. అందుకే ఎల్ఎన్‌బీలో క్రిస్టల్ తీసేసి, ఈ పెట్టె ఇచ్చే 10 మెగాహెర్ట్జ్ నుంచి 25 తయారుచేసి పైకి పంపిస్తాను.

ఈ రోహిణి కార్తెలో అది మొరాయించింది. రోళ్ళు పగిలే ఎండకి పగలంతా చక్కగా ఉండేది, రాత్రి పదీ పదకొండు అయ్యేసరికి గొంతులు మెల్లగా జారడం మొదలు. అవతల యూరప్‌లో వాళ్ళు ఆఫీసుల నుంచి ఇంటికొచ్చి కూర్చునే వేళ అదే, వినాల్సిందంతా అప్పుడే ఉంటుంది. కాసేపటికి అలారం వచ్చి లాక్ పోయేది. పైగా స్క్రీన్ మీద తేదీ 2005 అక్టోబరు అని చూపిస్తుంటే, చూపించిన ఒకచోట "బోర్డు పోయింది సార్, ఇంక కొత్తది కొనుక్కోవడమే" అనేశారు. కొత్తది అంటే నాకు చిన్న ఖర్చు కాదు. ఆ రెండు మూడు రోజులు చాలా టెన్షన్‌గా గడిచాయి, ఇంట్లో వాళ్ళకి కూడా నా మొహం చూస్తే తెలిసిపోయేది.

ముందుగా గుంటూరు బ్రాడీపేట మాస్టారికి. ఫోన్ చేసి మొదటి ముక్క చెప్పగానే ఆయన అడిగింది, "తేదీ సంగతి పక్కన పెట్టు నాయనా, 10 మెగాహెర్ట్జ్ వస్తోందా లేదా?" అని. జీపీఎస్‌లో వారం సంఖ్యకి పాత పద్ధతిలో ఉన్నవి 10 బిట్లే, కాబట్టి 1024 వారాలకొకసారి లెక్క మళ్ళీ సున్నాకి వస్తుంది. లోకమంతటికీ అది 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఒకసారి జరిగింది. థండర్‌బోల్ట్ సాఫ్ట్‌వేర్‌కి మాత్రం దాని సొంత లెక్క ఉండటం వల్ల 2017 జులై 30న తిరగబడింది, అప్పటినుంచీ తేదీ పంతొమ్మిదిన్నరేళ్ళు వెనక చూపిస్తోంది. ఫ్రీక్వెన్సీకీ సెకను పల్సుకీ దానివల్ల ఏ నష్టమూ లేదు, లేడీ హెదర్ అనే ఉచిత ప్రోగ్రాములో తేదీ సరిచేసుకోవచ్చు. ఇదంతా ఆయన ఫోన్లోనే, పుస్తకం చూడకుండా చెప్పారు. ఢిల్లీ నుంచి నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ వాళ్ళ ఏటీఏ స్టేషన్ 10 మెగాహెర్ట్జ్ మీద టైమ్ సిగ్నల్ ఇచ్చే రోజుల్లో, దానితో జీరో బీట్ పట్టి (రెండు సిగ్నళ్ళ తేడా కూత సున్నా అయ్యేదాకా తిప్పి) తన రిసీవర్ సరిచేసుకున్న మనిషి ఆయన. "కొనడం ఎప్పుడైనా కొనొచ్చు, ముందు జబ్బేదో తెలియాలి కదా" అన్నారు. ఆ మాటతోనే నాకు సగం ధైర్యం వచ్చింది.

జబ్బు పట్టుకున్నది మంగళగిరి అక్క. పెట్టెని కంటితో చూడకుండానే! లేడీ హెదర్ రాసుకునే లాగ్ ఫైలు పంపమంది, పంపాను. అందులో కంట్రోల్ వోల్టేజీ ఉంటుంది, పల్సు తేడా ఉంటుంది, పెట్టె లోపలి టెంపరేచర్ కూడా ఉంటుంది. మేమందరం లాక్ పోయిన నిమిషం చుట్టూ చూస్తుంటే అక్క మాత్రం దానికి గంట ముందు నుంచి చూసింది. టెంపరేచర్ గీత ఒక్కసారిగా కిందకి వంగడం, ఆ వెనకే కంట్రోల్ వోల్టేజీ పైకి ఎక్కడం, ఎక్కి ఎక్కి 5 వోల్టుల హద్దుకి తగిలి ఇంక పోవడానికి చోటు లేక ఆగిపోవడం, అప్పుడు లాక్ పోవడం. రోజూ అదే వరస. "తమ్ముడూ, రాత్రి ఏసీ ఎన్నింటికి వేస్తారు?" అని అడిగింది. నేను చెప్పిన టైమూ గీత వంగిన టైమూ ఒకటే! గది చల్లబడితే ఓవెన్ తన వేడి నిలుపుకోవడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ కరెంటు అందటం లేదు, ఓవెన్ చల్లారుతోంది, క్రిస్టల్ పక్కకి పోతోంది, పాపం పెట్టె దాన్ని వెనక్కి లాగడానికి తన శక్తంతా పెట్టి ఓడిపోతోంది. పగలు గది వేడిగా ఉంటుంది కాబట్టి ఓవెన్‌కి పని తక్కువ, లోపం బయటపడలేదు. "బోర్డు బంగారంలా ఉంది, పవర్ సప్లై చూడు" అంది. అక్కా, మీరు పగలంతా క్లాసులు చెప్పుకుని వచ్చి రాత్రిపూట నా గీతలు చదివారు, ఆ రుణం నేను మర్చిపోను.

సప్లై విప్పి చూసింది మా వీధిలోనే ఉండే ఇంజనీరింగ్ కుర్రాడు. థండర్‌బోల్ట్‌కి మూడు వోల్టేజీలు కావాలి: ప్లస్ 5, ప్లస్ 12, మైనస్ 12. మీటరు పెడితే మూడూ సరిగ్గానే ఉన్నాయి. అక్కడితో ఎవరైనా వదిలేస్తారు. వీడు వదల్లేదు. పెట్టెని పూర్తిగా చల్లారనిచ్చి, ఓవెన్ గట్టిగా కరెంటు లాగే ఆ మొదటి నిమిషాల్లో మీటరు పెట్టి చూస్తే 12 ఉండాల్సిన చోట 10.6 కనపడింది. స్కోపులో (వోల్టేజీని గీతగా చూపించే ఆసిలోస్కోపులో) చూస్తే ఆ డీసీ మీద రంపం పళ్ళలాంటి రిపుల్. సప్లై మూత తీశాం. 12 వోల్టుల వైపున్న 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పైభాగం కాస్త ఉబ్బి ఉంది, వేలు పెట్టి తడిమితే గానీ తెలియనంత, అడుగున గోధుమరంగు జిగురు చారిక. ఆ పక్కనే హీట్‌సింక్, అంటే ఏళ్ళ తరబడి ఆ వేడికి లోపల ఆరిపోయింది. బయటికి తీసి ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి నిరోధం) మీటరు పెట్టాడు, కొత్త కెపాసిటర్‌తో పోలిస్తే పనికిరాని అంకె. గవర్నర్‌పేట వెళ్ళి 105 డిగ్రీల రకం తక్కువ ఈఎస్ఆర్‌వి తెచ్చి, అనుమానం ఉన్నవన్నీ మార్చేశాడు. ఆ రాత్రే ఏసీ వేసి చూశాం, లాక్ పోలేదు. డబ్బులిస్తే తీసుకోలేదు. బాబూ, నీ చదువు అయ్యేదాకా నా బల్లా నా స్కోపూ నీవే అనుకో.

మాస్టారు మాత్రం దానితో తృప్తిపడలేదు. పాత స్విచింగ్ సప్లైని నమ్ముకోవద్దు, దాని గోల 10 మెగాహెర్ట్జ్‌లోకి ఎక్కుతుంది, పైన 390 రెట్లు చేసుకునేవాడికి అది ఇంకా చేటు అని, ట్రాన్స్‌ఫార్మర్‌తో లీనియర్ సప్లై కట్టుకోమన్నారు. సర్క్యూట్ కాగితం మీద తానే గీసి వాట్సాప్‌లో పెట్టారు. మామూలు 7812 రెగ్యులేటర్ చిప్పు దాదాపు 1 ఆంపియర్ దగ్గర ఆగిపోతుంది, ఓవెన్ వేడెక్కేటప్పుడు అది అంచు మీద నడిచినట్టవుతుంది కాబట్టి, ప్లస్ 12కి 3 ఆంపియర్ల ఎల్ఎం350 వాడమన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించింది కూడా గుంటూరులోనే, ఆయనకి తెలిసిన వైండింగ్ షాపులో. పొద్దున్నుంచీ మోటార్లూ మిక్సీలూ చుట్టే ఆ బాబాయి, ఇది దేనికో పూర్తిగా విన్నాక, ప్రైమరీకీ సెకండరీకీ మధ్య రాగి రేకు ఒక చుట్టు వేసి దాని చివర ఎర్త్‌కి తీగ వదిలిపెట్టారు. నేను అడగలేదు. లైన్లోంచి వచ్చే గోల అక్కడే ఎర్త్‌కి దిగిపోతుందని ఆయనే చెప్పారు. వార్నిష్ పట్టించి ఆరబెట్టి ఇచ్చారు, గుయ్యిమనే చప్పుడు చెవి ఆనించినా వినపడటం లేదు. ఇలాంటి పనివాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. ఏదైనా చుట్టించుకోవాలంటే నాకు మెసేజ్ పెట్టండి, ఆయన్ని అడిగి షాపు ఎక్కడో చెబుతాను.

మా కేబుల్ అబ్బాయిని కూడా తలుచుకోవాలి. థండర్‌బోల్ట్‌కి యాంటెన్నా కనెక్టర్ టీవీ కేబుల్‌కి వాడే ఎఫ్ రకమే, మామూలు ఆర్‌జీ-6 కేబుల్ సరిపోతుంది. ఎలాగూ అంతా విప్పాం కదా అని డాబా మీద యాంటెన్నాని నీళ్ళ ట్యాంకు పక్కనుంచి తీసి, ఆకాశం నాలుగు వైపులా కనపడే చోట పైపు మీదకి ఎక్కించాడు, కొత్త కేబుల్ లాగి కనెక్టర్ల మీద వాన దిగకుండా రబ్బరు టేపు చుట్టాడు. మిట్టమధ్యాహ్నం, అరికాళ్ళు కాలిపోయే డాబా మీద. యాంటెన్నా చోటు మారింది కాబట్టి పెట్టె తానెక్కడుందో మళ్ళీ కొలుచుకోవాలి, సెకనుకొకటి చొప్పున 2000 కొలతలు, అరగంట పైనే పడుతుంది. అది అయ్యేదాకా ఉండి, మజ్జిగ తాగి, ఉపగ్రహాల పటంలో చుక్కలు నిండటం చూసి వెళ్ళాడు.

చివరి పరీక్ష మాస్టారు స్వయంగా వచ్చి చేశారు. ఆ వయసులో గుంటూరు నుంచి బస్సులో, ఒళ్ళో తన రుబీడియం పెట్టుకుని! ఎఫ్ఈ-5680ఏ, అదీ 10 మెగాహెర్ట్జే ఇస్తుంది కానీ జీపీఎస్‌తో సంబంధం లేకుండా రుబీడియం పరమాణువుల్ని ఆధారం చేసుకుని. రెండూ ఒకే దారిలో తప్పవు కాబట్టి ఒకదానికి ఒకటి సాక్ష్యం. స్కోపు ట్రిగ్గర్ రుబీడియంకి కట్టి, రెండో ఛానల్లో నా పెట్టె పెట్టారు. ఒక సైకిల్ అంటే 100 నానోసెకన్లు. 1000 సెకన్లలో ఆ అల ఒక పూర్తి సైకిల్ జరిగితే తేడా వెయ్యి కోట్లలో ఒక వంతు. అల నిలబడిపోయింది. ఏసీ గాలి సూటిగా పెట్టె మీదకే తిప్పి, టీ తాగుతూ చూస్తూ కూర్చున్నాం. అంతసేపట్లో పావు సైకిల్ కూడా జరగలేదు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసి, "ఊఁ, బాగుంది" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం ఎంత కష్టమో ఆయన దగ్గర నేర్చుకున్న వాళ్ళకి తెలుసు.

లీనియర్ సప్లై సర్క్యూట్, ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల లెక్క, అక్క గుర్తులు పెట్టిన గ్రాఫు అన్నీ ఒకచోట పెట్టాను, కావలసిన వాళ్ళు అడగండి, పంపిస్తాను. విజయవాడ చుట్టుపక్కల ఎవరికైనా ఫ్రీక్వెన్సీ కౌంటరో రేడియోనో సరిచేసుకోవాలంటే తీసుకుని రండి, మా ఇంట్లో 10 మెగాహెర్ట్జ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది.

మాస్టారూ, ఇంకో వారం దగ్గర పెట్టుకుని చూడమని మీరు వదిలి వెళ్ళిన రుబీడియం భద్రంగా ఉంది. వచ్చే ఆదివారం నేనే బ్రాడీపేట తెచ్చి ఇస్తాను, మీరు మళ్ళీ ఈ ఎండలో బయల్దేరకండి.